గుల్ల మోగిన బండ: అవుట్‌డోర్ ఎడ్యుకేషన్ విద్యార్థినితో 14 వారాలు

నాలుగో వారం చివర్లో, మా దగ్గరికి ఇంటర్న్‌గా వచ్చిన విద్యార్థిని గురించి ఆమె యూనివర్సిటీ ట్యూటర్ వీడియో కాల్ చేశారు. కుశల ప్రశ్నలయ్యాక నన్ను అడిగిన మొదటి మాట ఇది: "ఇప్పటిదాకా మీ దగ్గర ఆమె సొంతంగా తీసుకున్న నిర్ణయాలు ఏమేమిటి?"

మనసులో వెతుక్కున్నాను. బస్సు ఎక్కేటప్పుడు పిల్లల్ని లెక్కపెట్టింది. హెల్మెట్లు సైజుల వారీగా సర్దింది. సాయంత్రం తాళ్లు చుట్టి సంచుల్లో పెట్టింది. స్కూళ్లకు పంపాల్సిన ఫొటోలు తీసింది. అన్నీ శ్రద్ధగానే చేసింది. కానీ వాటిలో ఒక్కదాన్నీ నిర్ణయం అనలేం. "ఏమీ లేవండీ," అన్నాను. పక్క కుర్చీలో ఆ అమ్మాయి పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉంది.

హైదరాబాద్ స్కూలు పిల్లల్ని గుట్టలకు, అడవులకు తీసుకెళ్లే పని నేను 16 ఏళ్లుగా చేస్తున్నాను. ఇంటర్న్‌లు చాలామందే వచ్చి వెళ్లారు. ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. నాకు నేనుగా అడుక్కోనూ లేదు. ఆ కాల్ తర్వాత పది వారాల్లో మేం ఏం మార్చుకున్నామో, డిసెంబరులో ఒక ఉదయం ఒక బండ దగ్గర ఏం జరిగిందో రాసి పెడితే, ఇలాంటి విద్యార్థుల్ని తీసుకునే సంస్థలకూ ఈ చదువు వైపు చూస్తున్న పిల్లలకూ పనికొస్తుందని ఈ కేస్ స్టడీ రాస్తున్నాను. ఆ అమ్మాయి చదివి సరేనన్నాకే బయటికి ఇస్తున్నాను. తన పేరు, యూనివర్సిటీ పేరు వద్దంది కాబట్టి రాయలేదు.

ఆమె చదువు

దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగిన పిల్ల. ఇంటర్‌లో ఎంపీసీ, ఆ తర్వాత ఎంట్రెన్స్, ఇంజినీరింగ్ సీటు, అన్నీ అందరిలాగే. తొమ్మిదో తరగతిలో స్కూలు వాళ్లు భువనగిరి తీసుకెళ్లి ఒక్క పూట తాడు మీద దించారు. ఆ పూటను మర్చిపోలేక ఇంట్లో ఏడాదిపాటు పోరాడి, బ్రిటన్‌లో అవుట్‌డోర్ ఎడ్యుకేషన్ డిగ్రీలో చేరింది. మూడో ఏడాదిలో కొంతకాలం ఏదైనా సంస్థలో పనిచేయాలి, దాన్నే ప్లేస్‌మెంట్ అంటారు. అక్కడే ఒక సెంటర్‌లో చేయొచ్చు. కానీ తను ఇంటికొచ్చి, తెలుగు పిల్లలతో చేస్తానని మాకు మెయిల్ పెట్టింది. నవంబరు మొదటి వారంలో చేరింది.

ఈ డిగ్రీ గురించి నన్ను అడిగే తల్లిదండ్రుల్లో సగం మంది అది కొండలెక్కడం నేర్పే కోర్సనుకుంటారు. తాడు పని, పడవ పని, మ్యాపు చూసి దారి పట్టడం అందులో ఉంటాయి, నిజమే. వాటితో పాటు పిల్లలు ఎలా నేర్చుకుంటారు, గుంపులో ఎవరు మాట్లాడతారు, ఎవరు నోరెత్తరు, రిస్కును ఎలా తూచాలి, రాయి ఎలా పుట్టింది, వాన ఎటు నుంచి వస్తుంది, ఇవన్నీ చదువుతారు. బ్రిటన్‌లో కంబ్రియా యూనివర్సిటీ వాళ్ల ఆంబుల్‌సైడ్ క్యాంపస్ లేక్ డిస్ట్రిక్ట్ కొండల మధ్యనే ఉంటుంది. ఆస్ట్రేలియాలో లా ట్రోబ్ యూనివర్సిటీ బెండిగోలో ఈ చదువు దశాబ్దాలుగా నడిచింది. దీని మూలాలు వెతికితే 1941 దగ్గర ఆగుతాం. విద్యావేత్త కుర్ట్ హాన్, ఓడల వ్యాపారి లారెన్స్ హోల్ట్ కలిసి వేల్స్ తీరంలోని అబర్డోవీలో అవుట్‌వర్డ్ బౌండ్ అనే శిక్షణ బడి మొదలుపెట్టింది ఆ ఏడాదే. యుద్ధకాలంలో ఓడలు మునిగినప్పుడు కుర్ర నావికులు బతికి బయటపడేలా వాళ్లను గట్టిపరచాలన్నది అప్పటి అవసరం.

మన దగ్గర దారి వేరు. డార్జిలింగ్‌లో 1954లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలో 1965లో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ వచ్చాయి. అక్కడ 28 రోజుల బేసిక్ కోర్సు, మంచి గ్రేడు వస్తే అడ్వాన్స్, ఆపైన బోధన పద్ధతుల కోర్సు. నేను ఆ దారిలో వచ్చినవాణ్ని. ఆ 28 రోజులు నన్ను మనిషిని చేశాయని ఇప్పటికీ చెబుతాను. అయితే అక్కడ నేను మంచు మీద నడవడం నేర్చుకున్నాను. భయంతో బండకు అతుక్కుపోయిన పదమూడేళ్ల పిల్లతో ఏం మాట్లాడాలో మాత్రం ఇక్కడికొచ్చాక, తప్పులు చేస్తూ నేర్చుకున్నాను. ఆమె ఆ రెండోది చదువుకుని వచ్చింది. మొదటిది తనకింకా తక్కువ. బ్రిటన్‌లో గుంపుల్ని కొండల్లో నడిపించే మౌంటెన్ లీడర్ అర్హత కావాలంటే శిక్షణలో చేరే ముందే 20 కొండ రోజులు, పరీక్షకు వెళ్లే ముందు 40 రోజులు లాగ్‌బుక్‌లో ఉండాలి. ఆమె పుస్తకంలో అప్పటికి 27 ఉన్నాయి.

నా చేతిలోంచి ఎందుకు జారలేదు

మొదటి నాలుగు వారాలు ఆమెకు నిర్ణయాలు ఎందుకు ఇవ్వలేదో నిజాయితీగా చెప్పాలి. పని ఒత్తిడి అని అనొచ్చు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాకు ఊపిరి సలపదు. అసలు కారణం మాత్రం పాతది.

2014 మే 25న మన గురుకులంలో చదువుకునే మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెతో పాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ భువనగిరి బండ మీద శిక్షణ పొందినవాళ్లే. ఆ వారమంతా మా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మా అమ్మాయిని చేర్చుకుంటారా, మా బాబుకు వయసు సరిపోతుందా అని. సరిగ్గా 14 రోజులకు, జూన్ 8న, హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, పైన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకు కొట్టుకుపోయారు. ఆ సాయంత్రం వార్తల్లో వచ్చిన వీడియోను నేను చివరిదాకా చూడలేకపోయాను. రాళ్ల మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డ పిల్లలు. ఒప్పుకున్న స్కూళ్లు ఆ ఏడాది మా క్యాంపులు ఒక్కొక్కటిగా వద్దన్నాయి. నేను ఎవరినీ తప్పుపట్టలేదు.

అప్పటి నుంచి మా టీమ్‌లో ప్రతి చిన్న విషయం నా నోటి నుంచే రావాలి. ఏ చెట్టుకు తాడు కట్టాలి, ఏ పిల్లను ముందు పంపాలి, ఎన్ని గంటలకు ఆపాలి. భద్రత కోసమే అనుకున్నాను. కానీ పదేళ్లలో నా దగ్గర పనిచేసినవాళ్లలో ఎవరూ నేను లేకుండా ఒక్క రోజు నడపలేకపోయారు. ఆమె చేరిన ఏడాదే ఫిబ్రవరిలో నాకు డెంగీ వస్తే వారం రోజుల క్యాంపులు రద్దు చేసుకున్నాం. ట్యూటర్ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోవడానికి ఇదే కారణం.

అయిదో వారం నుంచి

ఆ కాల్ అయిన రాత్రే ఆమెతో కూర్చున్నాను. "అన్నా, నేను తప్పు చేస్తానని భయమా?" అని అడిగింది. అవునన్నాను. "తప్పు ఎక్కడ చేయొచ్చో, ఎక్కడ చేయకూడదో ముందే విడదీద్దామా మరి?" అంది.

ఆ మాట మీదే మొత్తం మార్చాం. ఒక కాగితం మీద గీత గీసి, ప్రాణానికి సంబంధించినవి ఒక వైపు రాశాం. యాంకర్ (తాడును బిగించే ఆధారం), అంచు, బిలే (ఎక్కేవాళ్లు పడకుండా తాడు పట్టుకోవడం), నీళ్లు, పిడుగు. వీటిలో నిర్ణయం తన చేతిలో ఉన్నా నా కన్ను తప్పకుండా ఉంటుంది. "వద్దు" అనే హక్కు ఇద్దరికీ ఉంటుంది, "కానిద్దాం" అనాలంటే మాత్రం ఇద్దరూ ఒప్పుకోవాలి. రెండో వైపు మిగతావన్నీ: ఏ ఆటతో మొదలుపెట్టాలి, ఎప్పుడు విరామం, ఎవరిని ఎవరితో జత చేయాలి, పిల్లలతో ఏం మాట్లాడాలి. వీటిలో నేను నోరెత్తను, తప్పు జరుగుతోందని తెలిసినా సాయంత్రం దాకా ఆగుతాను. మాట ఎన్నిసార్లు నాలుక కొనదాకా వచ్చి ఆగిందో నాకే తెలుసు.

రెండు రూపాయల బాల్ పెన్ను, అట్ట వేసిన రెండు వందల పేజీల నోట్‌బుక్కు, ఇదీ మా నిర్ణయాల పుస్తకం. తారీఖు, టైము, చోటు, ఏం కనిపించింది, ఏం నిర్ణయించాం, ఎందుకు, చూసినవారు ఎవరు. ఫలితం కోసం గడి పెట్టలేదు. అది ఆమె పట్టుదల. "ఫలితం రాస్తే, ఏమీ కాలేదు కాబట్టి నిర్ణయం మంచిదే అనుకుంటాం. యూనివర్సిటీలో దీని మీద ఒక సెమిస్టర్ అంతా వాదించుకున్నాం" అంది. అదృష్టం కలిసొచ్చిన రోజును తెలివైన రోజుగా లెక్కేసుకోవడం మా రంగంలో అందరూ చేసే పనే. నేనూ చేశాను.

"ఎలా అనిపించింది?" అన్న ప్రశ్న

ప్లేస్‌మెంట్‌లో ఆమె మొదట బోల్తాపడింది బండ మీద కాదు, బండ కింద చెట్టు నీడలో. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

పిల్లలతో ఏ పని చేయించినా తర్వాత కూర్చోబెట్టి మాట్లాడించడం ఈ చదువులో ముఖ్యమైన భాగం. చేసినదాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం, అందులోంచి ఏదో అర్థం చేసుకోవడం, మళ్లీ చేసి చూడడం. అమెరికన్ విద్యావేత్త డేవిడ్ కోల్బ్ 1984లో దీన్నొక చక్రంగా గీసి చూపించాడు, ఈ రంగంలో అందరూ దాన్ని నోటికి చెబుతారు. మేం సాధారణంగా ఆ భాగాన్ని "బాగుందా పిల్లలూ?", "బాగుంది సార్!" అనే రెండు కేకలతో ముగించి బిస్కెట్లు పంచేవాళ్లం. ఆమె అరగంట అడిగింది. ఇచ్చాను.

మొదటి గుంపు గుట్ట మీదికొచ్చిన గురుకులం అమ్మాయిలు. వలయంగా కూర్చున్నారు. ఆమె ఇంగ్లిష్‌లోనే మొదలుపెట్టింది, "హౌ డిడ్ యు ఫీల్?" అని. మౌనం. ఒకమ్మాయి "సూపర్ మేడమ్" అంది. ఆ తర్వాత ముప్పై మందీ సూపరే. తెలుగులోకి మార్చింది, "మీకు ఎలా అనిపించింది?" అని. "మంచిగనిపించింది అక్కా." మళ్లీ వరుసగా అదే. అరగంటలో పన్నెండు నిమిషాలు మిగిలిపోయాయి, ఆమె మొహం వాడిపోయింది. నేను ముందే అనుకున్న మాట ప్రకారం నోరెత్తలేదు.

ఆ రాత్రి తను వాళ్ల అమ్మమ్మకు ఫోన్ చేసిందట. పొలం నుంచి ఇంటికొచ్చాక అమ్మమ్మను ఎవరూ "ఎలా అనిపించింది" అని అడగరు కదా, ఏమడుగుతారు? "ఏ మడికాడ దాకా అయింది? ఎవలెవలొచ్చిర్రు? నీళ్లు అందినయా?" ఆ జవాబుల్లోనే కోపమూ, సంతోషమూ, అలసటా అన్నీ వస్తాయి. రెండు రోజుల తర్వాత ఇంకో గుంపుతో ఆమె ప్రశ్నలు ఇలా ఉన్నాయి: "నీ చెయ్యి ఎక్కడ ఆగిపోయింది? చూపించు. అప్పుడు కింద నుంచి ఎవరి గొంతు వినబడింది? ఏమన్నరు?"

ఒకమ్మాయి లేచి బండ దగ్గరికి పోయి చూపించింది, "ఇగో ఈడ". "ఈడ ఆగిన అక్కా. కిందికెల్లి అందరు ఎక్కు ఎక్కు అని ఒర్లుతున్నరు. తాడు పట్టుకున్నామె ఒక్కతే సప్పుడు చేస్తలేదు. ఆమె నన్ను సూస్తుందా లేదా అని భయమైంది." తాడు పట్టుకున్న అమ్మాయి వెంటనే అంది, "నేను నిన్నే సూస్తున్న! మాట్లాడితే చెయ్యి జారుతదేమో అని మాట్లాడలే." ఇద్దరూ ఒకే తరగతి, ఆరో క్లాసు నుంచి ఒకే డార్మిటరీ. అంతకుముందు పెద్దగా మాట్లాడుకున్నది లేదట. ఆ రోజు అరగంట సరిపోలేదు, బస్సు డ్రైవరన్న హారన్ కొట్టేదాకా లేవలేదు.

కోల్బ్ చక్రం ఇక్కడా తిరుగుతుంది, ఇరుసు మాత్రం మన భాషలో ఉండాలి. పై చదువుకు బయటికెళ్లిన పిల్లలు మాకు తెచ్చే విలువైనది పద్ధతి. దాన్ని మన పిల్లల నోటికి అందేలా మార్చడం ప్లేస్‌మెంట్‌లోనే జరగాలి, తరగతి గదిలో జరగదు. నన్నడిగితే ఆమె 14 వారాల్లో అన్నింటికన్నా పెద్ద పని ఇదే, బండ కథ దీని తర్వాతే.

డిసెంబరు ఉదయం

హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఖాజాగూడలోనూ, మౌలాలీలోనూ, గచ్చిబౌలి యూనివర్సిటీ ఆవరణలోనూ కనిపించే దొంతర బండలన్నీ భూమి లోపల గట్టిపడి, పైన కప్పు అరిగిపోయాక బయటపడ్డవి. పైన బరువు తగ్గేసరికి రాయి ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడిపోతుంది. ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లారి ఆ పొరలు ఇంకా విడుస్తాయి. అటువంటి పొర అంచు పట్టుకోవడానికి చేతికి భలేగా అందుతుంది. క్లైంబింగ్ నేర్పేవాళ్లకు అది వరం లాంటిది.

శంషాబాద్ దాటాక మేం వాడే గుట్ట ఒకటుంది. జనం ఎగబడతారని దాని పేరు ఎప్పుడూ రాయను. అక్కడ మా రెండో లైనులో, అంటే పిల్లలు తాడుతో ఎక్కే రెండో దారిలో, నేల నుంచి పన్నెండు అడుగుల ఎత్తులో మంచం పట్టీ అంత పొడవు, జానెడు మందం ఉన్న పొర ఒకటి ఉంది. ఆరేళ్లుగా వందల మంది పిల్లలు దాని అంచు పట్టుకునే పైకి లేచారు.

ఆ రోజు ఎనిమిదో తరగతి పిల్లలు 46 మంది వస్తున్నారు. లీడ్ ఆమెది. పొద్దున్నే ఆరున్నరకే చేరుకున్నాం. చలి బాగా ఉంది, గుట్ట కింద మేకల్ని తోలుకుపోతున్న తాత చలిమంట దగ్గర నుంచి "గింత పొద్దుగాల్నా బిడ్డా" అని పలకరించాడు. ఆమె తాడు వేసుకుని పొర దాకా ఎక్కి, వేలి కణుపుతో కొట్టింది. తర్వాత కారబైనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) వెనక భాగంతో కొట్టింది. కింది భాగం టక్కుమని గట్టిగా పలికింది. పై మూల దగ్గర మోత మారింది. ఖాళీ కుండను తట్టినట్టు డొబ్బుమంది.

జేబులోంచి ఒక ఇనుప ఆకుల కట్ట తీసింది. ఫీలర్ గేజ్. బండి మెకానిక్‌లు ట్యాపెట్లు సర్దేటప్పుడు సందులో దూర్చి చూసేది. మలక్‌పేటలో స్పేర్ పార్టుల కొట్లో కొనుక్కుందట. పొరకూ బండకూ మధ్య సందు సన్నబడే చోట 0.60 మిల్లీమీటర్ల ఆకు పెట్టింది. దూరలేదు. కిందికి దిగి పుస్తకం తెరిచి చూపించింది. అంతకుముందు వారం ఇక్కడే మధ్యాహ్నం రెండింటికి చూసిన కొలత రాసి ఉంది. అప్పుడు 0.90 దూరింది.

"పొద్దున మూసుకుంటోంది, మధ్యాహ్నం తెరుచుకుంటోంది అన్నా."

"ఆరేళ్లుగా పిల్లలు దీన్నే పట్టుకుని ఎక్కుతున్నారు కదమ్మా."

"అదే నా భయం. ఆరేళ్లుగా రోజూ ఊపుతున్నది ఎండ. మనం దాని మీద బరువు వేస్తున్నాం."

తను చదివిన ఒక పరిశోధన చెప్పింది. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో గ్రానైట్ గోడ మీద ఇలాంటి పొరకే పరికరాలు బిగించి ఏళ్లపాటు కొలిచారు. 2016లో అచ్చయింది. వేడి రోజుల్లో ఆ పొర సుమారు సెంటీమీటరు దాకా బయటికి జరిగి, రాత్రికి మళ్లీ వెనక్కి వెళ్లేది. వానా, భూకంపమూ లేకుండా, బాగా ఎండ కాసే మధ్యాహ్నాల్లో కొన్ని పొరలు ఊడి పడడానికి ఇదే కారణమని తేల్చారు. అది పెద్ద గోడ, ఇది చిన్న పొర. ఆ తేడా ఆమే చెప్పింది. "ఇది పడుతుందని నేననను. ఎంత బరువు ఆపుతుందో నాకు తెలియదు. తెలియనప్పుడు పిల్లను దాని కింద నిలబెట్టలేను. రెండో లైను మూసేస్తాను. ఆ పొర పడితే తగిలే చోటులోకి వస్తుంది కాబట్టి మొదటి లైనూ మూసేస్తాను."

నా అంచనా వేరు. పొర కింద అంచు బండలో కూర్చుని ఉంది, పట్టు నిలుస్తుందనే నా నమ్మకం. ఆ మాటే పుస్తకంలో రాశాను, ఆమె మాట పక్కనే. కానీ గీతకు ఇవతలి వైపు మేం రాసుకున్న నియమం ఉంది. కానిద్దామనాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆగిపోయాను.

ఏడున్నరకు బస్సులు వచ్చాయి. స్కూలు కోఆర్డినేటర్ మేడమ్‌కు విషయం చెబితే మొహం మారిపోయింది. "రాక్ క్లైంబింగ్ అని పేరెంట్స్‌కు సర్క్యులర్ పంపాం సార్. డబ్బులు కూడా దానికే కట్టారు. పోయినసారి మీరే చేయించారు కదా?" ఆవిడ అడిగింది సబబే. నేను జవాబివ్వబోతే మా ఇంటర్న్ ముందుకొచ్చి, "మేడమ్, నిర్ణయం నాది, నేను చెప్తాను," అంది. గొంతు వణికింది. మాట వణకలేదు.

ఆ రోజు సాఫీగా గడిచిందని చెప్పను. తాడు మీద కిందికి దిగే రాపెలింగ్ లైన్లు రెండూ యథాతథంగా నడిచాయి. క్లైంబింగ్‌కు బదులు గుట్ట వెనక వాలుగా ఉన్న బండ మీద, అరికాలి పట్టుతో నడిచి ఎక్కే పని పెట్టింది. దాన్ని సిద్ధం చేయడానికి నలభై నిమిషాలు పట్టింది. పిల్లలు విసిగిపోయారు. ఆ హడావిడిలో వాలుబండ పై అంచున మనిషిని నిలబెట్టడం మర్చిపోయింది. ఎక్కిన అబ్బాయి ఒకడు తాడు విప్పుకుని, కింద స్నేహితులకు చెయ్యి ఊపుదామని అంచు వైపు రెండడుగులు వేశాడు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. ఒక ప్రమాదాన్ని తప్పించబోయి తొందరలో ఇంకోటి తెచ్చుకోవడం ఈ పనిలో ఎప్పుడూ పొంచి ఉంటుంది. ఆ సాయంత్రం ఆమె ఏడ్చింది దీని గురించే. కోఆర్డినేటర్ మాటల గురించి కాదు.

మరో పొరపాటు కూడా జరిగింది. మొదట పిల్లలకు "ఈ రోజు ఆ లైను క్యాన్సిల్" అని మాత్రమే చెప్పింది. ఎందుకో చెప్పలేదు. భోజనాలయ్యాక ఒకబ్బాయి అడిగాడు, "అక్కా, ఆ రాయికి ఏమైంది?" ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. పదేసి మందిని తీసుకెళ్లి, పక్కన నేల మీదే ఉన్న అలాంటి మరో పొర దగ్గర మోకాళ్ల మీద కూర్చోబెట్టి, చెవి ఆనించి రాయితో తట్టమంది. గట్టి చోటు, గుల్ల చోటు. పిల్లలు నిమిషాల్లో పట్టేశారు. తర్వాత గంటసేపు ఆ గుట్ట మీద కనిపించిన ప్రతి బండనూ కొట్టి చూస్తూ "ఇది గట్టిది, ఇది గుల్లది" అని అరుస్తూనే ఉన్నారు. బస్సు ఎక్కుతుంటే కోఆర్డినేటర్ మేడమ్ కూడా ఆగి ఒకసారి తట్టి చూశారు. అయినా మరుసటి వారం ఫీజులో కోత పెట్టే పంపారు. ఆ లోటు మేమే భరించాం.

కాగితం మీద, చేతిలో

ప్లేస్‌మెంట్ రిపోర్టులో యూనివర్సిటీ వాళ్లు మార్కులు అడుగుతారు. వాలుబండ అంచు విషయం దాచకుండా రాశాను, ఆమె ముందు పెట్టే రాశాను. నిర్ణయానికి ఎక్కువ మార్కులు, దాని అమలుకు తక్కువ మార్కులు వేశాను. ట్యూటర్ రెండోసారి కాల్ చేసినప్పుడు పుస్తకంలోని 61 నమోదుల గురించి గంటన్నర మాట్లాడుకున్నారు. నేను వంటింట్లో టీ పెట్టుకుంటూ విన్నాను.

డబ్బు సంగతి చాలామంది దాటేస్తారు, నేను రాస్తాను. మొదట మేం ఆమెకు ప్రయాణం, భోజనం తప్ప ఏమీ ఇవ్వలేదు. అయిదో వారం నుంచి మా జూనియర్ ఇన్‌స్ట్రక్టర్‌కు ఇచ్చే రోజుకూలే ఇచ్చాం. బాధ్యత ఇచ్చి జీతం ఇవ్వకపోతే, ఇంట్లో స్తోమత ఉన్న పిల్లలే ఈ రంగంలోకి వస్తారు. మనకు గురుకులాల నుంచి ఎవరెస్ట్ ఎక్కిన పిల్లలున్నారు. వాళ్లలో ఎంతమంది ఇన్‌స్ట్రక్టర్లుగా బతకగలుగుతున్నారన్నది ఇక్కడ పనిచేసే మనందరం పట్టించుకోవాల్సిన విషయం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలకు మాకు పని సగానికి పడిపోతుంది. ఈ చదువు చదవాలనుకునే పిల్లలు ఆ నాలుగు నెలలు ఏం చేయాలో ముందే ఆలోచించుకోవాలి.

ఇంటర్న్‌షిప్ కోసం మాలాంటి సంస్థకు వచ్చేటప్పుడు సర్టిఫికెట్ ఇస్తారా అని అడగండి, తప్పులేదు. దానికన్నా ముందు, నా పక్కన రోజూ ఎవరుంటారు, ఏ వారం నుంచి నాకు ఏ పని అప్పగిస్తారు, నేను వద్దంటే వింటారా అని అడగండి. చివరి ప్రశ్నకు వాళ్లు ఎంతసేపు తటపటాయిస్తారో గమనించండి. రెండు రోజుల, 16 గంటల వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ కోర్సు చేసి రండి. మా గుట్ట నుంచి ఆస్పత్రికి నలభై నిమిషాలు. తర్వాత మీరు ఏ దేశంలో చదివినా, పిల్లలతో వాళ్ల మాటలో మాట్లాడడం సాధన చేయండి. ఈ ఒక్కటీ ఏ డిగ్రీలోనూ ఉండదు.

జాతీయ విద్యావిధానం 2020లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేని బడి ఉండాలని రాశారు. అందులో కొన్ని రోజులు స్కూళ్లు గుట్టల మీద గడపాలనుకుంటే ఇలాంటి చదువు చదివినవాళ్లు ఊరికొకరైనా కావాలి. మాకు ఇప్పుడు ఉన్నవాళ్లు చాలరు.

సంక్రాంతి సెలవుల తర్వాత నేను మూడు రోజులు ఊరెళ్లాను. ఆ మూడు రోజులూ క్యాంపులు ఆమే నడిపింది, ఇద్దరు జూనియర్లను పెట్టుకుని. ఫోన్ చేయలేదు. నేను చేసినా, "భోజనాల టైం అన్నా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేసింది. పదేళ్లలో నేను లేకుండా మా క్యాంపు నడవడం అదే మొదటిసారి.

ఆ పొర ఇంకా అక్కడే ఉంది. పడలేదు. నా అంచనా నిజమో, ఆమె అంచనా నిజమో దాన్ని బట్టి తేలదు. ఆ లైను మాత్రం మూసే ఉంచాం. వారానికోసారి పొద్దున, మధ్యాహ్నం ఇనుప ఆకులతో కొలుస్తున్నాం. ఫిబ్రవరి మొదటి వారం, ఆమె చివరి రోజు, మధ్యాహ్నం రెండింటికి 0.95 ఆకు దూరింది. తారీఖు, టైము, నీడలో ఉష్ణోగ్రత రాసి సంతకం పెట్టింది. ఫీలర్ గేజ్‌ను పేజీల మధ్య పెట్టి పుస్తకం నా చేతికిచ్చింది. ఇంటికొచ్చి తెరిచి చూస్తే, కింది వరుసలో తారీఖు ఖాళీగా వదిలేసి, "చూసినవారు" అన్న గడిలో నా పేరు రాసి పెట్టింది.